రంగు పొడికి బాయిలింగ్ పాయింట్ చూడమన్నారు, ట్యూబులో పెడితే నల్లబడిపోతోంది. ఏం రాయాలి?

ముందు ప్రశ్న ఏటో రెండు ముక్కల్లో చెప్పేస్తా, కొత్తగా చదివేవాళ్ళకి అర్థమవ్వాలి కదా. పొందూరు దగ్గర ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగాడు, బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్ అంట. నూలుకి వేడి నీళ్ళలో ఉప్పేసి ఉడకబెట్టి వేసే ఎర్ర రంగు పొడి ఒకటి తీసుకుని దాని బాయిలింగ్ పాయింట్ ల్యాబ్‌లో కనుక్కుని ప్రాజెక్టులో రాయమన్నారంట. క్యాపిలరీలో (సన్నటి గాజు గొట్టం) నింపి థీల్ ట్యూబులో (పక్కన చెయ్యి లాంటి గొట్టం ఉండి, నూనె పోసి వేడి చేసే గాజు ట్యూబు) వేడి చేస్తే అది మరగట్లేదు, నల్లబడిపోతోంది. నెట్‌లో వెతికితే కెమికల్స్ అమ్మే ఒక సైట్లో 700 పైన ఏదో అంకె కనపడిందంట. ఇంకో పక్క వాళ్ళ మావయ్య నూలు రంగులేసే డేగిసాలో థర్మామీటరు ముంచితే 101 చూపించిందంట. ఈ మూడిట్లో ఏది రాయాలి సార్ అని అడిగాడు.

స్టూడెంట్‌వి కాబట్టి నువ్వు అనేస్తున్నా తమ్ముడూ, ఏమనుకోకు. నేను పైడిభీమవరం వైపు కెమికల్ కంపెనీల్లో క్యూసీ, అంటే సరుకు నాణ్యత చూసే ల్యాబ్ పని చేసినోడిని, మెల్టింగ్ పాయింట్లు బాయిలింగ్ పాయింట్లు చూడటమే చాలాకాలం నా అన్నం. ఇప్పుడు విజయనగరంలో ఉంటున్నా.

సూటిగా జవాబు: ఆ మూడిట్లో ఏదీ రాయకు. నీ రంగుకి బాయిలింగ్ పాయింట్ లేదు. "మరిగేలోపే విచ్ఛిన్నమవుతుంది" అని రాసి, ఎన్ని డిగ్రీల దగ్గర నల్లబడటం మొదలైందో, ఎన్ని డిగ్రీలకి పూర్తిగా మాడిందో ఆ రేంజి రాయి. ట్యూబులో నల్లబడిందని నీ ప్రయోగం ఫెయిలయిందనుకోకు, అదే నీ రిజల్టు. పెద్ద పెద్ద కంపెనీల సేఫ్టీ డేటా షీట్లు తీసి 9వ సెక్షన్ చూడు, ఫిజికల్ ప్రాపర్టీస్ అన్నీ అక్కడే ఉంటాయి, రంగుల విషయంలో బాయిలింగ్ పాయింట్ ఎదురుగా ఎక్కువ చోట్ల "వర్తించదు" అనో "విచ్ఛిన్నమవుతుంది" అనో ఉంటుంది.

ఇది నా సొంత తీర్పు కూడా కాదు. బాయిలింగ్ పాయింట్ టెస్టుకి ప్రపంచమంతా వాడే పద్ధతుల్లో ఓఈసీడీ 103 అని ఒక గైడ్‌లైన్ ఉంది. యూరప్‌లో కెమికల్స్ రిజిస్టర్ చెయ్యడానికి రీచ్ అనే చట్టం ఉంది కదా, అందులో 300 డిగ్రీల పైన కరిగే ఘనపదార్థాలకీ, మరిగేలోపే విచ్ఛిన్నమయ్యేవాటికీ బాయిలింగ్ పాయింట్ టెస్ట్ చెయ్యక్కర్లేదని స్పష్టంగా రాసే ఉంది. మీ గైడ్ ఏమైనా అంటే ఇది చూపించు, కానీ మర్యాదగా చూపించు, ఇంటర్నల్ మార్కులు వాళ్ళ చేతిలోనే ఉంటాయి.

ఇప్పుడు ఎందుకు మరగదో చెప్తా. వైవాలో అడిగేది అదే, అంకె ఎవడూ అడగడు.

మరగడం అంటే మాలిక్యూల్ ముక్కలవకుండా, ఉన్నది ఉన్నట్టుగా, పక్కదాన్ని వదిలించుకుని ఆవిరిలోకి పోవాలి. పక్కదాన్ని వదిలించుకోడానికి కావాల్సిన వేడి ఒకటి, మాలిక్యూల్ లోపలి బంధం తెగడానికి కావాల్సిన వేడి ఒకటి. మొదటిది తక్కువైతే మరుగుతుంది, రెండోది తక్కువైతే మాడుతుంది. పంచదారని మూకుట్లో వేసి వేడి చేస్తే కరిగి, ఎర్రబడి, చివరికి బొగ్గవుతుంది గానీ పంచదార ఆవిరి రాదు కదా, నీ రంగూ అంతే.

నూలుకి వేడి నీళ్ళలో ఉప్పేసి ఉడకబెట్టి వేసే రంగు అన్నావు కాబట్టి అది డైరెక్ట్ డై అయ్యుంటుంది. డైరెక్ట్ డైలు దాదాపు అన్నీ సల్ఫోనిక్ యాసిడ్ సోడియం సాల్టులే. అంటే అయానిక్. ప్లస్సూ మైనస్సూ అయాన్లు ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంటాయి, వాటిని విడదీసి ఆవిరి చెయ్యాలంటే చాలా వేడి కావాలి, ఉప్పే 800 డిగ్రీలు దాటితే గానీ కరగదు. ఈలోపు మధ్యలో ఉన్న ఎన్-ఎన్ డబుల్ బాండ్, అదే ఎజో గ్రూపు, నైట్రోజన్ గ్యాస్ వదిలేసి తెగిపోతుంది. నైట్రోజన్ పోయాక రంగూ ఉండదు, మాలిక్యూలూ ఉండదు, నల్లటి ముద్ద మిగుల్తుంది.

సైజు కూడా ఒక కారణమే గానీ సైజు ఒక్కటే కాదు, ఇది చాలామంది తప్పుగా చెప్తారు. ఎజోబెంజీన్ తీసుకో. ఎజో రంగులన్నిటికీ మూలపురుషుడు లాంటిది, ఆరెంజి రంగులో ఉంటుంది, మాలిక్యులర్ వెయిట్ 182, అయానిక్ కాదు. అది 68 డిగ్రీలకి కరిగి 293కి నిజంగానే మరుగుతుంది. దాని పక్కన మిథైల్ ఆరెంజి పెట్టు, అందులోనూ అదే ఎజో గ్రూపు, వెయిట్ 327, కానీ సోడియం సాల్ట్, అది 300 దాటాక మాడుతుందే తప్ప మరగదు. ఇంక నీలిమందు చూడు, ఇండిగో, వెయిట్ 262 మాత్రమే, అయానిక్ కూడా కాదు, అయినా 390 దగ్గర విచ్ఛిన్నమవుతూ కరుగుతుంది. ఎందుకంటే పలక లాంటి మాలిక్యూళ్ళు ఒకదాని మీద ఒకటి సర్దుకుని, హైడ్రోజన్ బాండ్లతో పక్కవాటిని పట్టుకుని ఉంటాయి.

అయితే ఏ రంగూ మరగదా అంటే, అలా కూడా అనేయకు, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ పట్టుకుంటాడు. అలిజరిన్ ఉంది కదా, మన కోస్తాలో కలంకారీ వాళ్ళు ఎరుపు కోసం వాడిన చిరివేరులో ఉండే రంగు పదార్థం అదే, 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మన్ అనే ఇద్దరు ల్యాబ్‌లో తయారు చేశారు. అది 289 దగ్గర కరుగుతుంది, హ్యాండ్‌బుక్కుల్లో దానికి బాయిలింగ్ పాయింట్ 430 అని ఉంటుంది. చిన్న మాలిక్యూలు, సోడియం సాల్ట్ కాదు, ఎజో బంధం లేదు, గట్టి ఆంత్రాక్వినోన్ చట్రం. అందుకని తట్టుకుంటుంది.

కరిగి మరిగేవి కొన్ని, కరక్కుండా నేరుగా ఆవిరయ్యేవి కొన్ని, మాడిపోయేవి చాలా ఎక్కువ. నీ దగ్గరున్నది ఏ కోవలోదో తేల్చడమే నీ ప్రాజెక్టు అనుకో, అప్పుడు అది డిగ్రీ స్థాయికి మంచి ప్రాజెక్టే.

ఆ 700 సంగతి. అది ఎవరో ల్యాబ్‌లో కొలిచింది కాదు. మాలిక్యూల్ స్ట్రక్చర్ ఇస్తే కంప్యూటర్ ప్రోగ్రామ్ లెక్కకట్టి ఇచ్చే అంచనా. మాలిక్యూల్ విరగదు అనుకుని లెక్క కడుతుంది, విరుగుతుందా లేదా అన్నది దానికి అనవసరం. ఆ అంకె పక్కనో కిందో చిన్న అక్షరాల్లో "ప్రెడిక్టెడ్" అనో "రఫ్ ఎస్టిమేట్" అనో ఉంటుంది చూడు. దాన్ని కొలిచిన విలువలాగ ప్రాజెక్టులో రాస్తే తప్పు. మా దగ్గరికి ఒకసారి ఎక్స్‌పోర్ట్ కస్టమర్ ఫారం ఒకటి వచ్చింది, అందులో బాయిలింగ్ పాయింట్ గడి ఖాళీగా వదలకూడదని పర్చేజ్ వాళ్ళూ మార్కెటింగ్ వాళ్ళూ ఒకటే గొడవ, నెట్‌లో ఉంది కదా వేసెయ్యండి అని. మేము వెయ్యలేదు. టీజీఏ గ్రాఫ్ (వేడికి బరువు ఎలా తగ్గుతుందో చూపించేది, కింద చెప్తా) జత చేసి "మరిగేలోపు విచ్ఛిన్నం" అని రాసి పంపించాం, అవతలివాళ్ళు ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా తీసుకున్నారు. కెమిస్ట్రీ తెలిసినవాడికి ఆ మాట చాలు.

ఇప్పుడు నీ థీల్ ట్యూబు దగ్గరకి వద్దాం. మళ్ళీ చెయ్యి, కానీ ఈసారి వేరే రకంగా చూడు.

మొదటి సంగతి, బజారులో ప్యాకెట్‌లో వచ్చే రంగు శుద్ధమైంది కాదు. స్ట్రెంగ్త్ సరిచెయ్యడానికి గ్లాబర్ సాల్టో (సోడియం సల్ఫేట్) మామూలు ఉప్పో కలుపుతారు, కొన్నిట్లో డెక్స్‌ట్రిన్ (పిండిపదార్థం నుంచి చేసే పొడి) ఉంటుంది, పాలిస్టర్ రంగుల్లో అయితే రంగుని నీళ్ళలో చెదిరి ఉంచే డిస్పర్సింగ్ ఏజెంట్లు బోలెడు. దానికితోడు మన గాలి, సముద్రం పక్కన, జూలై ఆగస్టుల్లో మూత తీసి పెట్టిన రంగు డబ్బా సాయంత్రానికి ఉండలు కట్టేస్తుంది. అందుకని 100 నుంచి 120 మధ్య క్యాపిలరీలో చిన్న చిన్న బుడగలు కనపడితే "మరిగింది" అని అంకె వేసుకోకు, అది చెమ్మ. కొన్ని రంగులకి క్రిస్టల్ లోపలే నీళ్ళుంటాయి, మిథిలీన్ బ్లూ అలాంటిదే, దాని నీళ్ళు పోతున్నప్పుడు చూసి మరిగిందనుకున్న స్టూడెంట్లు నాకు తెలుసు. అందుకే పొడిని ముందు 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు మారకుండా స్థిరపడే దాకా ఆరబెట్టు, డెసికేటర్లో (చెమ్మ తగలకుండా ఉంచే మూత పాత్ర) చల్లార్చు, బరువు ఎంత తగ్గిందో రాసుకో. చెమ్మ శాతం వచ్చేసింది, ప్రాజెక్టులో ఒక టేబుల్ అయిపోయింది.

తర్వాత క్యాపిలరీ. పొడి మెత్తగా నూరి, రెండు మూడు మిల్లీమీటర్ల ఎత్తు కంటే ఎక్కువ నింపకు. ఎర్ర రంగు కాబట్టి నిండుగా పోస్తే లోపల ఏం జరుగుతోందో కనపడదు, గోడకి అంటిన పల్చటి పొర మీదే కన్నుండాలి. లెన్స్ పెట్టుకుని చూస్తే ఇలా ఉంటుంది: ముందు అంచుల్లో మెరుపు పోయి రంగు ముదురుతుంది, ఎరుపు కాస్తా ఇటుక రంగు, తర్వాత కాఫీ రంగు. పొడి గోడని వదిలేసి మధ్యకి ముడుచుకుంటుంది, దీన్ని కరగడం అనుకుంటారు, కాదు. ఆ తర్వాత ముద్ద కొంచెం పొంగి గ్యాస్ వదుల్తుంది, క్యాపిలరీ పైభాగంలో చల్లగా ఉన్నచోట గోధుమరంగు ఉంగరం లాగ పేరుకుంటుంది. ఆ ఉంగరం రంగు అసలు రంగులా లేకపోతే, ఆవిరయింది నీ డై కాదు, దాని ముక్కలు. రంగు ముదరడం మొదలైన టెంపరేచర్, పొంగిన టెంపరేచర్, రెండూ రాసుకో. వేడి ఎంత స్పీడుగా పెంచావో అది కూడా రాయి, ఎందుకంటే విచ్ఛిన్నమయ్యే టెంపరేచర్ అనేది మెల్టింగ్ పాయింట్ లాగ ఒకే చోట నిలబడదు. నిమిషానికి 2 డిగ్రీలు పెంచితే ఒక అంకె, 10 పెంచితే ఇంకో అంకె వస్తుంది. మీ ఫ్రెండుకి వేరే అంకె వచ్చిందంటే కొట్టుకోకండి, ఇద్దరిదీ కరెక్టే అయ్యుండొచ్చు.

నూనె సంగతి ముఖ్యం. కాలేజీల్లో లిక్విడ్ పారఫిన్ వాడతారు, అది 200 దాటాక పొగలు మొదలెడుతుంది, ఇంకా మంట పెడితే అంటుకుంటుంది. సిలికాన్ ఆయిల్ ఉంటే 250 దాకా పర్లేదు. పాత పుస్తకాల్లో కాన్సెంట్రేటెడ్ సల్ఫ్యూరిక్ యాసిడ్ బాత్ అని ఉంటుంది, దాని జోలికి పోవద్దు, వేడి యాసిడ్‌తో ట్యూబు పగిలితే కళ్ళు పోతాయి. 250కి కూడా ఏమీ జరక్కపోతే "250 డిగ్రీల వరకు మార్పు లేదు" అని రాసి ఆపెయ్, అది కూడా రిజల్టే. మెటల్ బ్లాక్ ఉన్న ఎలక్ట్రిక్ మెల్టింగ్ పాయింట్ మెషీన్ ఉంటే ఇంకా పైకి పోవచ్చు.

క్యాపిలరీని రెండు వైపులా సీల్ చేసి మాత్రం రంగుని వేడి చెయ్యకు. నైట్రోజన్ వస్తుందని చెప్పాను కదా, పగిలి మొహానికి కొడుతుంది. నైట్రో గ్రూపులున్న రంగులైతే మరీ జాగ్రత్త, అవి విచ్ఛిన్నమయ్యేటప్పుడు అవే వేడి పుట్టిస్తాయి, ఆ వేడికి ఇంకా తొందరగా విచ్ఛిన్నమవుతాయి, కంపెనీల్లో డ్రయ్యర్ టెంపరేచర్ మీద అంత భయం ఉండేది ఇందుకే.

నేరుగా ఆవిరయ్యేవాటి గురించి చెప్పాలి, ఇందులో నాకు ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. మీ ల్యాబ్‌లో శుద్ధమైన ఇండిగో ఉంటే, ఉప్పు గింజంత తీసుకుని పొడి టెస్ట్ ట్యూబు అడుగున వేసి, ఫ్యూమ్ హుడ్‌లో, చిన్న మంట మీద నెమ్మదిగా వేడి చెయ్యి. నీలం పొడి నుంచి నీలం పొగ వస్తుందనుకుంటావు, కాదు, ఎరుపు కలిసిన ఊదా రంగు ఆవిరి లేస్తుంది. అది పైన చల్లటి గోడకి తగిలి మళ్ళీ ముదురు నీలం క్రిస్టల్స్ అవుతుంది, వెలుతురుకి పెట్టి చూస్తే రాగి మెరుపు. అడుగున కొంత మాడుతుంది కూడా, రెండూ ఒకేసారి జరుగుతాయి. ఇక్కడ పైన పేరుకున్నది అసలు రంగే కాబట్టి ఇది సబ్లిమేషన్. వాక్యూమ్ పెడితే తక్కువ వేడికే ఆవిరవుతుంది, మాడేది తగ్గుతుంది, ఇండిగోని శుద్ధి చెయ్యడానికి అదే దారి.

వాక్యూమ్ గురించి ఒక మాట. పీడనం తగ్గితే మరిగే టెంపరేచర్ తగ్గుతుందని తెలుసు కదా. ఎనిలిన్ మామూలుగా 184కి మరుగుతుంది, 20 మిల్లీమీటర్ల పాదరసం పీడనంలో 80 దగ్గరికి వచ్చేస్తుంది. మరి నీ డైరెక్ట్ డైని వాక్యూమ్‌లో మరిగించొచ్చు కదా అంటావేమో. అవ్వదు. అయానిక్ సాల్టుకి ఆవిరి పీడనమే లేనట్టు లెక్క, ఎంత లాగినా అది పైకి రాదు.

పరిశ్రమలో అయితే రంగు ఆవిరవడం అనేది చాలా డబ్బుతో కూడిన విషయం. పాలిస్టర్‌కి వేసే డిస్పర్స్ డైలు అయానిక్ కావు, చిన్నవి, అందుకని 180 నుంచి 210 మధ్య వేడికి గుడ్డలోంచి లేచి పక్క గుడ్డకి పట్టుకుంటాయి. టీషర్టుల మీద, కప్పుల మీద బొమ్మలు వేసే షాపులు చేసేది ఇదే పని, కాగితం మీది రంగుని ఆవిరి చేసి పాలిస్టర్‌లోకి పంపడం. వాళ్ళకి అది లాభం. అదే చీర మీద ఇస్త్రీ పెట్టెతో జరిగితే తెల్ల అంచుకి మరక. అందుకని రంగు కొనేవాడు బాయిలింగ్ పాయింట్ ఎంత అని అడగడు, "సబ్లిమేషన్ ఫాస్ట్‌నెస్ ఎంత" అని అడుగుతాడు. దానికి ఐఎస్ఓ 105లో పీ01 అనే పద్ధతి ఉంది, రంగు గుడ్డని తెల్ల గుడ్డకి ఆనించి 150, 180, 210 డిగ్రీల్లో 30 సెకన్ల చొప్పున నొక్కి, తెల్లదానికి ఎంత అంటిందో గ్రే స్కేల్‌తో (మరక ఎంతుందో పోల్చే బూడిద రంగు పట్టీలు) పోల్చి 1 నుంచి 5 లోపు గ్రేడు ఇస్తారు. నువ్వు కావాలంటే నీ నూలు రంగునీ, ఒక పాలిస్టర్ రంగునీ పక్కపక్కన పెట్టి ఇస్త్రీ పెట్టెతోనే చేసి చూడు. స్టాండర్డ్ టెస్ట్ అని రాయకు, ఇస్త్రీ పెట్టె వేడి నీ చేతిలో ఉండదు, పోలిక కోసం చేశానని రాయి. తేడా కంటికే కనపడుతుంది.

నిజంగా ఘనమైన ఆధారం కావాలంటే టీజీఏ, డీఎస్‌సీ. టీజీఏ అంటే కొన్ని మిల్లీగ్రాముల పొడిని సున్నితమైన తక్కెడలో పెట్టి నైట్రోజన్‌లో నిమిషానికి 10 డిగ్రీలు పెంచుకుంటూ బరువు ఎలా తగ్గుతోందో గీసే మెషీన్. డిగ్రీ కాలేజీల్లో ఉండదు. ఆంధ్రా యూనివర్సిటీ వైపు ఎక్కడ చేస్తారో మీ గైడ్ చేత ఒక మాట అడిగించు, స్టూడెంట్ నేరుగా వెళ్తే తిప్పుతారు. గ్రాఫ్ వచ్చాక ఇలా చదువు: 120 లోపు తగ్గిన కొంచెం బరువు చెమ్మ, తర్వాత చదునుగా పోతే రంగు స్థిరంగా ఉంది, తర్వాత మెట్లు మెట్లుగా పడి చివర్లో బాగా మిగిలిపోతే విచ్ఛిన్నం, ఆ మిగిలింది బొగ్గూ సోడియం సాల్టులూ. అలా కాకుండా ఒకే నున్నటి వాలులో దాదాపు సున్నాకి పడిపోతే అది ఆవిరయింది. డీఎస్‌సీ అంటే పొడి వేడెక్కేటప్పుడు వేడి రాకపోకల్ని కొలిచే మెషీన్, అందులో వేడి లోపలికి పోయిందా బయటికి వచ్చిందా తెలుస్తుంది. మరగడం ఎప్పుడూ వేడి తీసుకుంటుంది. ఎజో, నైట్రో రంగులు విచ్ఛిన్నమైతే వేడి బయటికి వస్తుంది. పీక్ ఏ వైపు తిరిగిందో చూస్తే అయిపోయె.

సరే, మా గైడ్ ససేమిరా అంటున్నారు, బాయిలింగ్ పాయింట్ ప్రయోగం ఉండాల్సిందే అంటే, దానికీ ఒక దారుంది. రంగుకి బదులు రంగు తయారయ్యే ముడిసరుకు తీసుకో. ఎనిలిన్ 184, డైమిథైల్ ఎనిలిన్ 194, రెండూ ద్రవాలే, రెండూ రంగుల పరిశ్రమకి పునాదులు. 1856లో పెర్కిన్ మొదటి కృత్రిమ రంగు మావ్ కనిపెట్టింది ఎనిలిన్‌తో కుస్తీ పడుతూనే. కాకపోతే ఎనిలిన్ చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, రక్తం ఆక్సిజన్ మొయ్యలేకుండా చేస్తుంది, గ్లవుజులూ హుడ్డూ లేకుండా ముట్టుకోకు. సీసాలో ఏళ్ళ తరబడి ఉండి గోధుమరంగుకి తిరిగిందైతే కొంచెం జింక్ పొడి వేసి డిస్టిల్ చెయ్యి, నీళ్ళలాగ తేటగా వస్తుంది. పాతదాన్ని అలాగే వాడితే అంకె తేడా వస్తుంది.

కొంచెం ద్రవంతోనే బాయిలింగ్ పాయింట్ చూసే ఈ పద్ధతి సివొలొబాఫ్ అనే ఆయన పేరు మీద ఉంది. చిన్న ఫ్యూజన్ ట్యూబులో సెంటీమీటరు పైన ద్రవం పొయ్యి. ఒక చివర మూసిన క్యాపిలరీని, తెరిచిన మూతి కిందికి ఉండేలా అందులో ముంచు. ట్యూబుని థర్మామీటరుకి రబ్బరు రింగుతో కట్టు, రింగు నూనెలో మునక్కూడదు, వేడికి రబ్బరు ఉబ్బి తెగిపోతుంది. థీల్ ట్యూబు పక్క చేతి దగ్గర మంట పెట్టు. మొదట అడపాదడపా బుడగలొస్తాయి, అది క్యాపిలరీలో ఉన్న గాలి, దాన్ని పట్టించుకోకు. తర్వాత ముత్యాల దండలాగ ఆగకుండా వస్తాయి. అప్పుడు మంట తీసెయ్. బుడగలు నెమ్మదిస్తాయి, ఆగుతాయి, ఆగిన వెంటనే ద్రవం క్యాపిలరీలోకి ఎగబాకుతుంది. ఆ ఎగబాకిన క్షణంలో ఉన్న టెంపరేచరే బాయిలింగ్ పాయింట్, బుడగలు జోరుగా వచ్చినప్పటిది కాదు. ఇక్కడే సగం మంది తప్పుతారు.

వచ్చిన అంకెకి రెండు సవరణలు. థర్మామీటరు కాడ నూనె బయట చల్లగా ఉంటుంది కాబట్టి తక్కువ చూపిస్తుంది. బయట ఉన్న డిగ్రీల సంఖ్యని, చూపించిన టెంపరేచరుకీ కాడ దగ్గర గాలి టెంపరేచరుకీ ఉన్న తేడాతో గుణించి, 0.00016తో గుణించు. ఉదాహరణకి 181 చూపించింది, 100 డిగ్రీల మేర కాడ బయట ఉంది, దాని దగ్గర గాలి 40 అనుకో, 100 ఇంటూ 141 ఇంటూ 0.00016, అంటే సుమారు 2.3. కలిపితే 183.3, పుస్తకం అంకెకి దగ్గరికి వచ్చేశావు. రెండోది గాలి పీడనం. మన జిల్లాలు రెండూ సముద్రమట్టానికి దగ్గరే కాబట్టి మామూలు రోజుల్లో ఇది పెద్దగా రాదు. అదే తిత్లీ లాంటి తుఫాను బంగాళాఖాతంలో ఉన్న రోజు బారోమీటరు మామూలు 760 నుంచి 735 మిల్లీమీటర్లకి దిగితే ఎనిలిన్ దాదాపు 1.4 డిగ్రీ తక్కువకే మరుగుతుంది (ఆ రోజు కాలేజీ ఉండదనుకో). అరకు 900 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ నీళ్ళే 97కి మరుగుతాయి. అందుకే బాయిలింగ్ పాయింట్ పక్కన పీడనం రాయకపోతే ఆ అంకె సగం అంకే.

ఇంక మీ మావయ్య డేగిసాలో వచ్చిన 101. అది రంగు బాయిలింగ్ పాయింట్ కానే కాదు, రంగు కలిపిన నీళ్ళు మరిగిన టెంపరేచర్. నీళ్ళలో ఏదైనా కరిగితే మరిగే టెంపరేచర్ కొంచెం పెరుగుతుంది, ఎన్ని అయాన్లు కరిగాయన్నదే లెక్క. లీటరు నీళ్ళకి 20 గ్రాముల ఉప్పు వేస్తే పెరిగేది 0.35 డిగ్రీ దగ్గర, 50 గ్రాములేస్తే 0.9 దగ్గర. అదే లీటరుకి గ్రాము చొప్పున, వెయిట్ 700 ఉన్న రంగు వేస్తే పెరిగేది డిగ్రీలో వెయ్యో వంతులు రెండు, ఏ థర్మామీటరూ చూపించలేదు. కాబట్టి ఆ ఒక్క డిగ్రీలో కొంత ఉప్పుది, నీళ్ళు ఇగిరే కొద్దీ ఉప్పు చిక్కబడుతుంది కాబట్టి ఇంకొంత దానిది, మిగతాది థర్మామీటరు తప్పు అయ్యుండాలి. ముందు అదే థర్మామీటరుని ఉత్త మరిగే నీళ్ళలో పెట్టి చూడు. అక్కడే 100.5 చూపిస్తే విషయం తేలిపోయింది. కాలేజీ థర్మామీటర్లని నమ్మి నేనైతే ఒక్క అంకె కూడా రాయను. బెంజోయిక్ యాసిడ్ 122కి కరుగుతుంది, దానితో పైభాగం కూడా చెక్ చేసుకో.

రంగు వేసే వేడికీ రంగు మరిగే వేడికీ అసలు సంబంధమే లేదు, ఇది మావయ్యకి కూడా చెప్పు, ఆయనకి ఈపాటికి చేత్తోనే తెలిసుంటుందిలే. డైరెక్ట్ రంగులు మరుగు దగ్గర 95 పైన వేస్తారు, కోల్డ్ బ్రాండ్ రియాక్టివ్ రంగులు మామూలు నీళ్ళలోనే పడతాయి, పాలిస్టర్ రంగులకి 130 కావాలి కాబట్టి మూత బిగించిన ప్రెజర్ మెషీన్లో వేస్తారు, అక్కడ లోపల ఆవిరి పీడనం 2.7 బార్ దాకా ఉంటుంది. అదంతా రంగు దారంలోకి దూరడానికి కావాల్సిన వేడి, రంగు ఆవిరవడానికి కాదు.

ప్రాజెక్టు పేరు "థర్మల్ బిహేవియర్" అని మార్చుకుంటే అన్నీ ఇమిడిపోతాయి: చెమ్మ శాతం, విచ్ఛిన్నమయ్యే రేంజి, ఇస్త్రీ పోలిక, దొరికితే టీజీఏ. దానికి ఒక టీఎల్‌సీ, అంటే పల్చటి పూత పలక మీద రంగుల్ని విడదీసే పరీక్ష, కలుపు, బ్యుటనాల్, ఎసిటిక్ యాసిడ్, నీళ్ళ మిశ్రమంలో నడిపించు, ప్యాకెట్ ఎరుపు ఒక్కటే రంగా, రెండు మూడు కలిపారా తేలుతుంది. ప్యాకెట్ రంగుల్లో మిక్సులు మామూలే. మిక్సయితే దానికి ఏ ఒక్క టెంపరేచరూ ఉండదని ఇంకో పాయింటు దొరుకుతుంది. కలరీమీటరులో ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎక్కువ పీల్చుకుంటుందో చూసి పెట్టుకో, వేడి చేసిన పొడిని మళ్ళీ నీళ్ళలో కరిగించి అదే చోట చూస్తే ఎంత రంగు బతికి ఉందో అంకెల్లో వస్తుంది. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో బాగుండే భాగం అదే. 150కి ఒకటి, 200కి ఒకటి, 250కి ఒకటి అరగంట చొప్పున ఓవెన్‌లోనో ఫర్నేసులోనో పెట్టి, గ్రాఫ్ గీయి.

వేడి చేసే ముందు ఒక పని చెయ్యి. ప్యాకెట్ మీద రంగు పేరూ సీఐ నంబరూ, అదే కలర్ ఇండెక్స్ నంబరు, ఉందేమో చూడు. ఎర్ర డైరెక్ట్ డై అయ్యుంటుంది కాబట్టి అడుగుతున్నా, కాలేజీ స్టోర్లలో కాంగో రెడ్ పాత సీసాలుంటాయి, డైరెక్ట్ రెడ్ 28, సీఐ 22120. అది బెంజిడీన్ నుంచి చేసిన రంగు, బెంజిడీన్ క్యాన్సర్ తెచ్చే పదార్థం, ఆ కుటుంబం రంగుల్ని మన దేశంలో తొంభైల్లోనే నిషేధించారు. అదే అయితే ఓవెన్‌లో పెట్టకు, క్యాపిలరీలో కూడా వద్దు, వేరే రంగు తీసుకో. ప్యాకెట్ మీద నంబరు ఏమీ లేకపోతే, లేదని రాసి, అమ్మినవాళ్ళని సేఫ్టీ డేటా షీటు అడుగు. వాళ్ళు ఇవ్వకపోతే ఆ రంగు వదిలేసి మిథైల్ ఆరెంజితో చేసుకో, ఏ కాలేజీ ల్యాబ్‌లో అయినా ఉంటుంది.